పీఎల్‌సీ మాడ్యూళ్లు డేటాబేస్‌లోకి ఎక్కాయి: చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

పరవాడ వెళ్లాల్సిన ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) కంట్రోల్ ప్యానెల్ డ్రాయింగులు అప్రూవ్ అయ్యాయి. ప్యానెల్ ఆటోనగర్‌లో మా షెడ్డులో వైరింగ్ ముగించుకుని టెస్టింగ్‌కి సిద్ధంగా ఉంది. ఈ పని ఒడ్డున పడిందంటే అందులో నా గొప్ప కొంచెమే. ఎప్పుడు ఫోన్ చేసినా విసుక్కోకుండా సమయం ఇచ్చినవాళ్లు కొందరున్నారు. వాళ్లకి విడివిడిగా చెప్పాను గానీ, పదిమంది ముందూ చెప్పకపోతే బాకీ ఉన్నట్టే అనిపిస్తోంది. పేర్లు వద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలిసిపోతుంది. పనిలో పనిగా వాళ్లు నేర్పింది కూడా, అంటే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ లిస్టులో లేని పీఎల్‌సీ (యంత్రాలని నడిపించే కంట్రోలర్) మాడ్యూళ్లని మనమే చేర్చుకోవడం ఎలాగో రాసేస్తున్నాను. మాడ్యూల్ అంటే సెన్సర్ల, మోటార్ల వైర్లు వచ్చి చేరే దాని భాగం. ఇదే చిక్కులో ఉన్న డిజైనర్లు వైజాగ్‌లోనే చాలామంది ఉన్నారని ఈ మధ్యే తెలిసింది.

ఎలక్ట్రికల్ డ్రాయింగులు గియ్యడానికి మేం వాడే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్. అందులో పీఎల్‌సీ మాడ్యూల్ బొమ్మని కూర్చుని గియ్యక్కర్లేదు. కంపెనీ, సిరీస్, రకం, పార్ట్ నంబరు ఎంచుకుంటే సాఫ్ట్‌వేరే టెర్మినళ్లతో, అడ్రస్‌లతో సహా ల్యాడర్ (నిచ్చెన మెట్ల రూపంలో ఉండే సర్క్యూట్ బొమ్మ) మీద పేర్చేస్తుంది. ఐఓ లిస్టుని (ఇన్‌పుట్ల, అవుట్‌పుట్ల జాబితాని) అది అడిగిన పద్ధతిలో ఎక్సెల్‌లో ఇస్తే షీట్లకి షీట్లే గీసిపెడుతుంది. అయితే ఆ పార్ట్ నంబరు దాని డేటాబేస్‌లో ఉండాలి. ఈసారి మేం ఎప్పుడూ వాడే సిరీస్ డెలివరీ ఆలస్యమవుతుందని, కన్సల్టెంటు వేరే కంపెనీ రిమోట్ ఐఓ మాడ్యూళ్లకి ఒప్పుకున్నారు. సరుకు షెడ్డుకి వచ్చింది. లిస్టు తెరిస్తే ఆ సిరీసే లేదు.

దీనికి ఎవర్నీ అనడానికి లేదు. మాడ్యూళ్లు చేసేవాళ్లు కొత్తవి దింపుతూనే ఉంటారు, సాఫ్ట్‌వేర్‌లోని లిస్టు వాటి వెనక నడుస్తూ ఉంటుంది. అందుకే లేనివి మనమే చేర్చుకోవడానికి పీఎల్‌సీ డేటాబేస్ ఎడిటర్ అని ఒకటి అందులోనే ఇచ్చారు. అది ఉందని నాకు తెలుసు. తెరిచి, అన్ని గళ్లు చూసి, టెన్షన్ వచ్చి మూసేసిన రకాన్ని నేను.

తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెడితే ఎక్కువమంది ఇచ్చిన సలహా ఒకటే: "దగ్గర్లో ఉన్న పాత మాడ్యూల్ ఏదో పెట్టెయ్, పేరు మార్చెయ్, ఎవరు చూస్తారు?" నిజం చెప్పాలంటే మన ఊళ్లో సగం ప్యానెళ్లు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయేమో. ఆ దారి వద్దని గట్టిగా చెప్పింది మాత్రం కూర్మన్నపాలెంలో ఉండే మాస్టారు ఒక్కరే. ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ డిజైన్ చేసి రిటైరయ్యారు. ఈ సాఫ్ట్‌వేర్ వయా డెవలప్‌మెంట్ అనే కంపెనీ వాళ్ల చేతిలో ఉన్నప్పటి నుంచీ, అంటే 2003లో ఆటోడెస్క్ కొనక ముందు నుంచీ ఆయనకి పరిచయం.

"పదహారు ఇన్‌పుట్లు ఏ మాడ్యూల్‌లో అయినా పదహారేనమ్మా. కామన్లు ఎన్ని, ఏది ఎవరికి కామన్, అది చూడు ముందు" అన్నారు. కామన్ అంటే ఒక గ్రూపు ఇన్‌పుట్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే టెర్మినల్. ఉదాహరణగా అందరికీ తెలిసిన రెండు అలెన్ బ్రాడ్లీ మాడ్యూళ్లు చూపించారు. 1769-ఐక్యూ16కి 18 టెర్మినళ్లు: ఎనిమిది ఇన్‌పుట్లు, వాటికో కామన్, మళ్లీ ఎనిమిది, వాటికో కామన్. 1756-ఐబీ16 కూడా పదహారు ఇన్‌పుట్లదే, 24 వోల్టుల డీసీకి వాడేదే. దానికి మాత్రం 20 టెర్మినళ్లు, ఒక్కో గ్రూపు కామన్ రెండేసి చోట్ల వస్తుంది. ఒకే కంపెనీ మాడ్యూళ్ల మధ్యే ఇంత తేడా ఉంటే, వేరే కంపెనీ మాడ్యూల్‌కి పేరు మార్చి అతికిస్తే ఏమవుతుంది? డ్రాయింగ్‌లో ఉన్న టెర్మినల్ నంబరే ఫెర్రూల్ (వైరు చివర వేసే నంబరు తొడుగు) మీదకి వెళ్తుంది, ఫెర్రూల్‌ని బట్టే వైర్‌మన్ వైరు పెడతాడు. ఒక గ్రూపు కామన్ లూజుగా మిగిలిపోతే ఎనిమిది సెన్సర్లూ ఒకేసారి చచ్చినట్టు కనిపిస్తాయి. సైట్‌లో అందరూ సెన్సర్లు విప్పుకుంటూ కూర్చుంటారు.

మాస్టారు నన్ను ఎడిటర్ తెరవనివ్వలేదు. ముందు ప్రతి మాడ్యూల్‌కీ ఎక్సెల్‌లో ఒక పట్టిక చెయ్యమన్నారు: టెర్మినల్ నంబరు, దాని పేరు, అది ఇన్‌పుటా అవుట్‌పుటా సప్లైయా కామనా, అడ్రస్ ఉందా లేదా, ఏ గ్రూపు. ఇంత చాదస్తం ఎందుకనిపించింది గానీ, ఆర్‌టీడీ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) మాడ్యూల్ దగ్గరికి వచ్చేసరికి అర్థమైంది. నాలుగు చానళ్ల మాడ్యూల్ అంటే అడ్రస్‌లు నాలుగే. కానీ మాది త్రీ వైర్ పీటీ100 అనే రకం ఆర్‌టీడీ కాబట్టి చానల్‌కి మూడేసి టెర్మినళ్లు, పైగా సప్లై, ఎర్త్. ఎడిటర్‌లో కొత్త మాడ్యూల్ తెరిచినప్పుడు టెర్మినళ్లు ఎన్ని, అడ్రస్ ఉండే పాయింట్లు ఎన్ని అని రెండు వేర్వేరు గళ్లు అడుగుతుంది. ఆ రెంటికీ తేడా ఎందుకో పట్టిక చేసినవాళ్లకే తెలుస్తుంది. మూడో వైరు కేబుల్ రెసిస్టెన్స్‌ని లెక్కలోంచి తీసెయ్యడానికి. పీటీ100 డిగ్రీకి 0.385 ఓమ్ చొప్పున మారుతుంది, కాబట్టి కేబుల్‌లో ఒక్క ఓమ్ కలిసినా రెండున్నర డిగ్రీలకు పైగా తప్పు చూపిస్తుంది. డ్రాయింగ్‌లో ఆ మూడో టెర్మినల్ లేకపోతే వైర్‌మన్ ఆ కోర్‌ని మడిచి టేపు చుట్టేస్తాడు. అతని తప్పేముంది?

అనలాగ్ ఇన్‌పుట్లలోనూ ఇదే గొడవ. లెవెల్ ట్రాన్స్‌మిటర్లు రెండు వైర్లవి, మాడ్యూల్ వైపు నుంచే కరెంటు తీసుకుంటాయి. ఫ్లో మీటరుకి సొంత సప్లై ఉంటుంది, అది నాలుగు వైర్లది. రెండూ పంపేది 4-20 మిల్లీ ఆంపుల సిగ్నలే, కానీ మా మాడ్యూల్‌లో అవి వెళ్లే టెర్మినళ్లు వేరు.

ఎడిటర్ పని నేర్పింది పుణెలో ఉద్యోగం చేస్తున్న మన పెందుర్తి కుర్రాడు. "అక్కా, స్క్రీన్ షేర్ చెయ్యండి" అని రాత్రి భోజనాలయ్యాక కూర్చునేవాడు. ఒక్కసారి కూడా మౌస్ తను తీసుకోలేదు, అన్నీ నా చేతే చేయించాడు. అతని మాటల్లో రెండు బాగా గుర్తుపెట్టుకున్నాను. ఒకటి, బేస్ అడ్రసింగ్, అంటే అడ్రస్‌ల నంబర్లు ఏ లెక్కలో పెరగాలో. ఆక్టల్ (0 నుంచి 7 దాకా ఎనిమిది అంకెలతోనే లెక్కపెట్టే పద్ధతి) పెడితే 7 తర్వాత 10 వస్తుంది, డెసిమల్ పెడితే 8 వస్తుంది. బైటుకి ఎనిమిది బిట్లుగా అడ్రస్‌లు రాసే పీఎల్‌సీకి డెసిమల్ పెడితే ప్రోగ్రాంలో లేని 8, 9 డ్రాయింగ్‌లో పుట్టుకొస్తాయి. రెండోది, మాడ్యూల్ ఒక కాలమ్‌లో పట్టనప్పుడు ఎక్కడ విరగొచ్చో చెప్పే బ్రేక్ ఆఫ్టర్ గడి. దాన్ని ప్రతి టెర్మినల్‌కీ ఎస్ అని పెట్టేస్తే పని నడిచిపోతుంది. కానీ కామన్ ఒక షీట్‌లో, దాని ఇన్‌పుట్లు ఇంకో షీట్‌లో పడతాయి. "గ్రూపు అయిపోయిన చోటే విరగ్గొట్టండక్కా, రేపు సైట్‌లో తిప్పి చూసేవాడికి పుణ్యం" అన్నాడు. ఇది ఏ మాన్యువల్‌లోనూ నాకు కనపడలేదు.

మధ్యలో ఒక కంప్యూటర్‌లో ఎడిటర్ అసలు డేటాబేస్ తెరవనంది. సాఫ్ట్‌వేర్ 64 బిట్, అందులో ఉన్న ఆఫీస్ 32 బిట్, రెంటికీ యాక్సెస్ డ్రైవర్ దగ్గర పడటం లేదు. ఐటీ చూసే తమ్ముడు కంచరపాలెం నుంచి బండి మీద వచ్చి సరిచేసి వెళ్లాడు. టీ కూడా తాగలేదు.

ఇక మా షెడ్డులో వైర్‌మన్ బాబాయ్. నేను మాడ్యూళ్లన్నీ ఎక్కించేసి, ప్రింటు తీసి, ఒకసారి అసలు మాడ్యూల్ పక్కన పెట్టి చూడమని ఇచ్చాను. మాస్టారి షరతు అది: వైర్లు పెట్టేవాడు చూడందే ఫైనల్ అనకూడదు. బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కనెక్టర్ విప్పి, ట్యూబ్‌లైటు కిందకి పట్టుకెళ్లి, స్క్రూ డ్రైవర్ మొనతో ఒక్కో నంబరూ చూపిస్తూ చదివాడు. నేను ప్రింటు మీద టిక్ పెడుతున్నాను. రిలే అవుట్‌పుట్ మాడ్యూల్ దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, మీ బొమ్మలో మూడు కింద నాలుగుంది. దీని మీద మూడు కింద అయిదుంది. ఏది నమ్మమంటారు?"

డేటాషీట్‌లో నంబర్లు ఒకే వరుసలో పై నుంచి కిందికి ఉన్నాయి. చేతిలో ఉన్న కనెక్టర్ మీద మాత్రం రెండు వరుసలు, ఎడమవైపు బేసి, కుడివైపు సరి. నంబర్లు తప్పు కాదు, పేర్చిన వరుసే వేరు. స్కీమాటిక్‌కి (కనెక్షన్ల బొమ్మకి) దీనివల్ల నష్టం లేదు. కానీ ప్యానెల్ లేఅవుట్‌లో వాడే ఫుట్‌ప్రింట్ బొమ్మని (మాడ్యూల్ అసలు ఆకారం, కొలతలు చూపేదాన్ని) నేను డేటాషీట్ చూసి గీశాను కదా, అందులో టెర్మినళ్ల జాగా మారింది. బాబాయ్ చెప్పబట్టి వైరింగ్ మొదలవక ముందే బొమ్మ మారింది. దాంతోపాటు ఆయన ఇంకో మాట అన్నాడు: మాడ్యూల్ కింద వైర్లు పోయే డక్ట్ ఇంకాస్త దింపండి, కనెక్టర్ లాగాలంటే వేళ్లు పట్టాలి. కాగితం మీద నాకు అది తట్టే విషయం కాదు.

స్కీమాటిక్‌లో మాడ్యూల్ వచ్చేసింది కదా అనుకుంటే మెటీరియల్ లిస్టులో ఆ వరుసలు ఖాళీగా వచ్చాయి. ఇక్కడ ఆదుకున్నది మర్రిపాలెంలో ఇంకో ప్యానెల్ షాపులో పనిచేసే మేడమ్. టెండర్లలో మాకు పోటీగా కొటేషన్ వేసేవాళ్లే, ఆ మాట ఆవిడే నవ్వుతూ గుర్తుచేశారు. ఆవిడ చెప్పింది ఇది. మాడ్యూల్ ఒకచోట చేరిస్తే సరిపోదు, మూడుచోట్ల ఉండాలి. పీఎల్‌సీ డేటాబేస్‌లో టెర్మినళ్ల వివరం. క్యాటలాగ్ డేటాబేస్‌లో పీఎల్‌సీఐఓ అనే టేబుల్‌లో పార్ట్ నంబరు, వర్ణన. ఫుట్‌ప్రింట్ డేటాబేస్‌లో ఆ కంపెనీ పేరు మీద ఉండే టేబుల్‌లో, అసలు కొలతలతో గీసిన బొమ్మ ఎక్కడుందో దాని దారి. మూడింటిలోనూ కంపెనీ కోడ్, పార్ట్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఒకచోట హైఫన్, ఇంకోచోట ఖాళీ ఉంటే అవి రెండు వేర్వేరు వస్తువులే దాని దృష్టిలో. మావాటిలో పార్ట్ నంబరు చివర ఒక స్పేస్ ఉంది. కంటికి కనపడదు. పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే ఇలాగే వస్తుంది, ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి తియ్యమని ఆవిడ చెప్పారు.

పోటీ షాపు మనిషికి ఇంత విడమరిచి చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదు. "మీ ప్యానెల్ సైట్‌లో ఆగిపోతే నాకేం లాభం? మన ఊరి ప్యానెళ్లు ఇంతే అంటారు" అన్నారు. మేడమ్, మీకు రుణపడి ఉన్నాను. వచ్చే టెండర్లో రేటు మాత్రం తగ్గించే వేస్తాం.

మా ప్రొప్రైటర్‌గారికి కూడా ఒక దండం. డెలివరీ మీద కస్టమర్ ఫోన్లు మోగుతున్నా, "పేరు మార్చి పంపించెయ్" అని నాతో అనలేదు. అంతేకాదు, ఈ డేటాబేస్‌లు ఇన్నాళ్లూ ఎవరి కంప్యూటర్‌లో వాళ్లవి ఉండేవి. ఇప్పుడు సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అందరి సెట్టింగ్‌లలో అదే దారి ఇచ్చాం. కొత్త వెర్షన్ వేసినప్పుడు మైగ్రేషన్ (పాత వివరాలని కొత్తదానిలోకి తేవడం) చెయ్యడం మర్చిపోతే ఈ కష్టమంతా పాత ఫోల్డర్‌లో ఉండిపోతుందని మాస్టారు హెచ్చరించారు. ఆ మాట పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి మానిటర్ల పైన అంటించాం.

మాస్టారూ, మీరు డబ్బు ముట్టుకోరని తెలుసు. ఆదివారం మాడుగుల హల్వా పట్టుకుని వస్తున్నాను. షుగర్ అని తప్పించుకుంటారని అమ్మగారికి ముందే ఫోన్ చేసి చెప్పేశాను.

కావలసినవాళ్లకి మేం చేసిన ఎంట్రీలు, ఫుట్‌ప్రింట్ బొమ్మలు, ఎక్సెల్ పట్టికలు ఊరికే ఇస్తాం. డిజిటల్ ఇన్‌పుట్, రిలే అవుట్‌పుట్, అనలాగ్ ఇన్‌పుట్, ఆర్‌టీడీ ఉన్నాయి. అయితే ఫైల్ తీసుకుని నేరుగా వాడెయ్యకండి. మీ దగ్గరున్న మాడ్యూల్ వెర్షన్ వేరే కావచ్చు, మీ వైర్‌మన్ చేత ఒకసారి చదివించండి. ఆ సిరీస్‌లో కౌంటర్, సేఫ్టీ మాడ్యూళ్లు మేం కొనలేదు కాబట్టి చేర్చలేదు. మీ దగ్గర ఉంటే కనెక్టర్ ఫోటో, డేటాషీట్ పంపండి, ఎంట్రీ నేను చేసి పెడతాను.