కొత్త బ్యాచ్ డిటెక్టర్లు పంపడం ఆపేశాం

వాయువుల్ని బరువుని బట్టి వేరుచేసి కొలిచే మెషీన్లలో మా చిన్న అయాన్ డిటెక్టర్లు వాడుతున్నవాళ్లకి,

గత మూడు నెలల్లో మీకు చేరినవాటిలో కొన్ని తొందరగా నీరసిస్తున్నాయి. 2000 వోల్టుల దగ్గర సిగ్నల్‌ని కోటి రెట్లు చేయాల్సిన ఛానెల్ మల్టిప్లయర్ అనే గాజు గొట్టం, కొన్ని వారాలకే అదే పనికి 2700 అడుగుతోంది. మీ మెషీన్లలో సప్లై 3000కి మించి ఇవ్వదు. ఇక ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?

ఆ గాజు గొట్టాలు మేం బయట కొంటాం. సీసం గాజుని హైడ్రోజన్‌లో వేడి చేస్తే లోపలి గోడ మీద పల్చటి పొర ఏర్పడుతుంది. అయాన్ తగలగానే ఎలక్ట్రాన్లు రాల్చేది, అవి గుద్దుకున్న చోటల్లా మరిన్ని రాల్చేది ఆ పొరే. ఈసారి అది సరిగ్గా కుదరలేదని నా అనుమానం. సప్లయర్ని అడిగితే, "మీ కస్టమర్ల వాక్యూమ్ పంపుల్లోంచి నూనె ఆవిరి వెనక్కి తంతోంది" అన్నాడు.

కడుపు మండింది. నూనె పడితే గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లవుతుందో ఆ అంకె, పడిపోతుంది, కాదనను. అందుకే డయాఫ్రమ్ పంపు, టర్బో పంపు కలిసి గాలి తోడేసే మా ఛాంబర్లో, చుక్క నూనె లేనిచోట, సీలు విప్పని కొత్త పీసునీ పాత బ్యాచ్‌లో వాడకుండా మిగిలినదాన్నీ ఒకే ఆర్గాన్ 40 పీక్ (గ్రాఫులో ఆ వాయువు సిగ్నల్) మీద అయిదు రోజులు నడిపాను. మొదట్లో కాస్త తగ్గడం ఏ పీసుకైనా మామూలే. పాతది రెండో రోజుకి కుదురుకుంది. కొత్తది మెట్లు దిగుతూనే ఉంది. గ్రాఫు పంపాను. ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు.

మొదటి వోల్టేజ్ సెట్టింగ్ కాస్త పెంచి పంపేస్తే ఆర్నెల్లు ఎవరికీ తెలియదని మా వర్క్‌షాపులోనే ఒకరన్నారు. నిజమే, తెలియదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే బ్యాచ్ మొత్తం మార్చే ఖర్చు ఈ ఏడాది లాభం కన్నా ఎక్కువ. చివరికి మార్చడానికే నిర్ణయించుకున్నాను. ఖర్చు మాదే. సప్లయర్ ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదు.

ఇకమీదట ప్రతి పీసూ మా ఛాంబర్లో అయిదు రోజులు నడిచాకే బయటికి వస్తుంది. ఆలస్యమవుతుంది. ఆగలేనివాళ్లు వేరేచోట కొనుక్కోండి, ఏమీ అనుకోను.

అంతవరకూ ఫారడే కప్ మోడ్‌లో, అంటే సిగ్నల్‌ని పెంచకుండా అయాన్లని నేరుగా కొలిచే పద్ధతిలో, నడపండి. మరీ కొంచెంగా ఉన్న వాయువుల జాడలు దొరకవు గానీ పెద్ద పీకులు నమ్మకంగా వస్తాయి. మీ పీసు సంగతి తెలియాలంటే ఒకే పీక్‌ని, నైట్రోజన్ 28 అయినా సరే, మల్టిప్లయర్‌తో ఓసారి, ఫారడేతో ఓసారి కొలిచి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. అదే గెయిన్. ఆ అంకె, అప్పుడున్న వోల్టేజ్ పంపితే చాలు. మీ పంపులో ఏ నూనె పోస్తున్నారో నేను అడగను.