బాల్డర్స్ గేట్ 3: వసూళ్ల లెక్క సరే, ఆట లెక్క ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

వీడియో గేమ్‌ల గురించి మన దినపత్రికల్లో వార్త వచ్చిందంటే చాలావరకు సినిమా వసూళ్ల వార్తలాగే ఉంటుంది. ఎన్ని కాపీలు, ఎన్ని కోట్లు, ఎన్ని అవార్డులు. ‘బాల్డర్స్ గేట్ 3’ 2023 ఆగస్టు 3న పీసీ మీద విడుదలైంది. పది రోజులకే, పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ వేదిక స్టీమ్‌లో ఒకేసారి 8.75 లక్షల మందికి పైగా ఆడారు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో అత్యుత్తమ గేమ్ బహుమతి కూడా దానికే వచ్చింది. ఇంతవరకు రాసి ఆగితే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. ఒక్కో పాత్ర వంతులవారీగా కదిలే పోరాటం, పుస్తకమంత నిబంధనలు ఉన్న ఆట ఇది. ఇలాంటివాటికి కొద్దిమంది వీరాభిమానులే గతి అని పరిశ్రమ చాలాకాలంగా అనుకుంటోంది. ఆ నమ్మకం ఊరికే రాలేదు. 2018లో వచ్చిన ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2’ను విమర్శకులు మెచ్చుకున్నారు, అమ్మకాలు మాత్రం నిరాశపరిచాయి. మరి దీన్ని లక్షలమంది ఎందుకు ఆడారు?

ఈ ఆట నిబంధనలకు మూలమైన, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరు కలిసొచ్చిందనడం సగమే నిజం. అదే పేరుతో 2021లో ‘డార్క్ అలయన్స్’ వచ్చింది, చాలామందికి నచ్చలేదు. గ్రాఫిక్స్ అనేవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజం ఉంది. ఈ ఆటను తయారుచేసిన, బెల్జియంలోని ఘెంట్ నగరానికి చెందిన లారియన్ స్టూడియోస్ 2017లో తీసిన ‘డివినిటీ: ఒరిజినల్ సిన్ 2’లో సంభాషణలు పైనుంచి కనిపించే బొమ్మల పక్కన అక్షరాలుగా నడిచేవి. ఇక్కడ నటుల హావభావాలను పట్టి, ప్రతి సంభాషణనూ ముఖాల దగ్గరకు తెచ్చారు. అలాంటి సన్నివేశాలు 174 గంటలున్నాయని సంస్థే ప్రకటించింది. అయితే మా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం పాచిక.

తాళం తీయాలన్నా, కాపలావాణ్ని అబద్ధంతో నమ్మించాలన్నా తెర మధ్యలో 20 ముఖాల పాచిక వచ్చి నిలబడుతుంది. దాటాల్సిన అంకె, మనకు కలిసొచ్చే అంకెలు దాని చుట్టూనే కనిపిస్తాయి. దాటాల్సింది 15 అనుకోండి. పాత్రకున్న ఆకర్షణ వల్ల 3, నేర్చిన నైపుణ్యం వల్ల 2 కలుస్తాయి. అప్పుడు పాచిక మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అంటే అవకాశం 55 శాతం. ‘అడ్వాంటేజ్’ ఉంటే రెండు పాచికలు వేసి పెద్దదాన్ని తీసుకుంటారు, అవకాశం దాదాపు 80 శాతానికి చేరుతుంది. ‘గైడెన్స్’ మంత్రం వేస్తే 1 నుంచి 4 వరకు ఇంకో అంకె కలుస్తుంది. 1 పడితే ఎన్ని కలిసినా ఓటమే, 20 పడితే గెలుపే. 1998 నాటి మొదటి ‘బాల్డర్స్ గేట్’లో ఇలాంటి లెక్కలు తెర కింద చిన్న అక్షరాల్లో పరుగెత్తేవి. ఇప్పుడు నిబంధనల పుస్తకం తెరవనివాడు కూడా గంటలో లెక్క పట్టేస్తాడు. పక్కన కూర్చుని చూసేవాళ్లకూ ఉత్కంఠ అర్థమవుతుంది. యూట్యూబ్, ట్విచ్‌లలో ఇది అంతగా పాకడానికి ఇదో కారణమని మా అభిప్రాయం.

పాచిక పారనప్పుడు ఏం జరుగుతుందన్నది ఇంకా ముఖ్యం. చాలా ఆటల్లో ఓడిపోతే దారి మూసుకుపోతుంది, ముందు దాచుకున్న ఆట (సేవ్) తెరవడం తప్ప గత్యంతరం ఉండదు. ఇక్కడ మాటలతో కాపలావాడు లొంగకపోతే పోరాటం ఉంది, దొంగదారి ఉంది, గోడ దూకడం ఉంది. మొదటి అంకంలో గాబ్లిన్ శిబిరంలోని ముగ్గురు నాయకుల సంగతే చూడండి. వాళ్లతో నేరుగా తలపడవచ్చు, ముందే తాగుడు తొట్టిలో విషం కలిపి వాళ్ల బలగాన్ని తగ్గించవచ్చు, బోనులో ఉన్న ఎలుగుబంటిని విడిపించి తోడు తెచ్చుకోవచ్చు, లేదా వాళ్ల పక్షానే చేరిపోవచ్చు. చనిపోయినవాళ్లతో మాట్లాడే మంత్రం ఉంది గానీ, తనను చంపినవాడితో శవం మాట్లాడదు. మారువేషం వేసుకుని వెళ్తే మాట్లాడుతుంది! ఇద్దరు స్నేహితులు ఒకే ఆట ఆడి రెండు వేర్వేరు కథలు చెప్పుకుంటారు. ఏ ప్రకటనకూ ఆ శక్తి లేదు.

నిబంధనల్ని తేలిక చేశారని కొందరు పెదవి విరుస్తారు. నిజానికి తీసేసినవి తక్కువ, సర్దినవి ఎక్కువ. బల్ల మీద ఆడే ఆటలో 2014 నాటి నిబంధనల ప్రకారం ఔషధం తాగితే ఆ వంతుకున్న అసలు చర్య ఖర్చయ్యేది. ఇక్కడ దాన్ని అదనపు చర్యగా మార్చారు కాబట్టి తాగి, అదే వంతులో కొట్టొచ్చు కూడా. ఇలాంటి సర్దుబాట్లు గదిలో కూర్చుని తేల్చినవి కావు. 2020 అక్టోబరు 6న మొదటి అంకం ఒక్కటే ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఆట పూర్తికాకముందే, అదీ పూర్తి ధరకే అమ్మారు. దాదాపు 34 నెలలు జనం ఆడుతుంటే చూసి మార్చారు. మొదట్లో ఎత్తైన చోటు నుంచి కొడితే అడ్వాంటేజ్ వచ్చేది. దాంతో ప్రతి పోరాటమూ నిచ్చెన కోసం పరుగుగా తయారైంది. అవకాశాన్ని ఒక్కోసారి 25 శాతం పాయింట్ల దాకా పెంచే వరం అది. దాన్ని +2కు, అంటే 10 శాతం పాయింట్లకు దించాక మిగతా ఎత్తుగడలకూ విలువ వచ్చింది.

విడుదల తేదీ కూడా తెలివిగానే ఎంచారు. ఆగస్టు 31న రావాల్సిన పీసీ వెర్షన్‌ను నాలుగు వారాలు ముందుకు జరిపి, సెప్టెంబరు 6న రావాల్సిన మరో భారీ గేమ్ ‘స్టార్‌ఫీల్డ్’ దారి నుంచి తప్పుకున్నారు.

మీ టెక్ పేజీలో దీన్ని సమీక్షిస్తే కొత్తవాళ్లు ఎక్కడ చతికిలబడతారో కూడా రాయండి. అందరూ చేసే పొరపాటు విశ్రాంతి తీసుకోకపోవడం. పూర్తి విశ్రాంతికి ‘బ్యాలెన్స్‌డ్’ అనే మధ్యస్థ కష్టస్థాయిలో 40 ప్రమాణాల ఆహారం కావాలి. అది అయిపోతుందేమోనని పొదుపు చేస్తారు. మంత్రశక్తి అడుగంటి పోరాటాలు ఓడిపోవడం ఒక నష్టమైతే, సహచరుల కథలు చాలావరకు రాత్రి శిబిరంలోనే నడుస్తాయి కాబట్టి అవి కూడా జారిపోతాయి. నిజానికి వెతికితే ఆహారానికి కొదవ లేదు. పాత్రను తప్పుగా మలుచుకున్నామని ఆటను మళ్లీ మొదటినుంచి మొదలెయ్యడం ఇంకో పొరపాటు. శిబిరంలో విథర్స్ అనే పాత్రకు 100 బంగారు నాణేలిస్తే వర్గంతో (యోధుడు, మాంత్రికుడు వంటి క్లాస్) సహా పాత్రను మళ్లీ కట్టుకోవచ్చు. వరుస ఓటములను తగ్గించే ‘కార్మిక్ డైస్’ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. పాచికకు పూర్తి స్వేచ్ఛ ఇవ్వాలంటే ఆఫ్ చేసుకోవాలి. 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ లేకుండా కొనకపోవడం మంచిది.

హైదరాబాద్‌లో గేమ్ డిజైన్ నేర్చుకునే పిల్లలు ఈ విజయం చూసి భారీ సన్నివేశాలే మార్గమనుకుంటున్నారు. అది దాదాపు 400 మంది చేసిన పని. చిన్న బృందం దీన్నుంచి తీసుకోదగ్గది వేరే ఉంది. గెలుపు అవకాశం ఎంతో ఆటగాడికి చూపించడానికి డబ్బు అక్కర్లేదు. ఓటమికి ఇంకో దారి రాయడానికి ఓపిక చాలు. ఎర్లీ యాక్సెస్ మాత్రం జాగ్రత్తగా వాడాలి. జనం దాదాపు మూడేళ్లు ఆడిన మొదటి అంకం నున్నగా తేలితే, వాళ్లకు చూపించని మూడో అంకం విడుదల నాటికి లోపాలతో ఉంది. జనసమ్మర్దమున్న నగరంలోకి వెళ్లగానే ప్రాసెసర్ మీద భారం పెరిగి ఆట నత్తనడక నడిచేది, కొన్ని కథలు అర్ధంతరంగా ముగిసేవి. ఆ తర్వాత నెలల తరబడి ప్యాచ్‌లతో (సవరణ అప్‌డేట్‌లతో) సర్దుకుంటూ వచ్చారు, ముగింపు తర్వాతి వీడ్కోలు సన్నివేశం నవంబరు 30 నాటి ఐదో ప్యాచ్‌లో గానీ రాలేదు. అన్నాళ్లు మరమ్మతు చేసే స్తోమత లేని బృందం మొదటి భాగాన్ని బయట అమ్ముకున్నా, చివరి భాగాన్ని కనీసం కొందరు నమ్మకమైన పరీక్షకుల చేతిలో విడుదలకు ముందే పెట్టాలి.

– గేమ్ డిజైన్ అధ్యాపకులు, హైదరాబాద్