ఒరేయ్ మేస్త్రీ, జడ విసిరాను!

ఒరేయ్ మేస్త్రీ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, కానీ ఇది మాత్రం చివరిదాకా చదువు. ఉద్యోగం బాగానే ఉంది, ఇల్లు మారలేదు, మోకాలి నొప్పి తగ్గింది. అమ్మ మళ్ళీ ఏదో సంబంధం మాట ఎత్తింది, ఆ సంగతి తర్వాత. అసలు కబురు ఇది: మొన్న ఆదివారం నేను సత్యభామ వేషం కట్టి, పట్టపగలు, బార్ట్ రైలెక్కి శ్మశానానికి వెళ్ళాను.

అవును, జడతో సహా. మెస్సులో మూడో బెంచీ మీద ఒట్టు.

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన కోల్మా అని చిన్న ఊరుంది. అక్కడ బతికున్నవాళ్ళకంటే సమాధుల్లో ఉన్నవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ళలో జాషువా నార్టన్ ఒకాయన. 1859లో తనంతట తానే అమెరికా చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. ఊరు కూడా ఆయన్ని ముద్దుగా చక్రవర్తిలాగే చూసుకుంది. ఏటా ఫిబ్రవరిలో ఇక్కడి డ్రాగ్ క్వీన్లు, అంటే ఆడవేషం కట్టి ఆడిపాడే మగవాళ్ళు, కిరీటాలూ గౌన్లూ వేసుకుని ఆయన సమాధికి పూలు తీసుకెళ్తారు. ఎందుకో తెలుసా? 1960లలో ఒక డ్రాగ్ ఉత్సవంలో హోసే సరియా అనే ఆయన్ని రాణిగా ఎన్నుకున్నారు. నేను ఎప్పుడూ రాణినే కదా అని ఆయన ఏకంగా సామ్రాజ్ఞిని అనేశాడు, అదీ నార్టన్ చక్రవర్తి విధవరాలినని! ఆ చక్రవర్తి పోయింది 1880లో రా. పెళ్ళీ లేదు, ముహూర్తమూ లేదు, ఎవరి అనుమతీ లేదు. నాకు ఆ ధైర్యం భలే నచ్చింది.

సరియా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టీచర్ కావాలనుకున్న మనిషి. ఒక హోటల్లో పోలీసులు పట్టుకుని కేసు పెట్టేసరికి ఆ దారి మూసుకుపోయింది. బ్లాక్ క్యాట్ అనే బార్‌లో వెయిటర్‌గా చేరి, అక్కడే ఆడవేషంలో ఒపేరాలను, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకాలను, తనకు కావలసినట్టు మార్చి పాడటం మొదలుపెట్టాడు. కార్మెన్ అనే ఒపేరాలో నాయికను ఆయన ఎలా మార్చాడనుకున్నావు, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో పోలీసుల కళ్ళుగప్పి తిరుగుతుంది! ఆట అయ్యాక అందర్నీ లేపి, చేతులు పట్టించి పాడించేవాడు. ఒక్కోసారి అందరూ కలిసి జైలు దగ్గరికి వెళ్ళి, ఆ రాత్రి లోపల పడ్డ మనవాళ్ళకి వినపడేలా బయట నిలబడి పాడేవారట.

ఇప్పుడు విను. ఈ ఊళ్ళో 1863 నుంచి 1974 దాకా ఒక చట్టం ఉండేది, తన లింగానికి చెందని బట్టలు వేసుకోవడం నేరం. హాలోవీన్ రాత్రి పన్నెండు దాకా ఊరుకుని, గంట కొట్టగానే మగవాళ్ళు గౌన్లు వేసుకుని మోసం చేస్తున్నారని పోలీసులు పట్టుకునేవారు. సరియా ఏం చేశాడంటే, నల్ల పిల్లి ఆకారంలో చీటీలు కత్తిరించి, వాటి మీద 'నేను అబ్బాయిని' అని రాసి అందరికీ పంచాడు. పోలీసు వస్తే చీటీ చూపించడమే. చెప్పాక ఇక మోసం ఎక్కడుంది? ఈ ముక్క విన్నప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మనం హాస్టల్లో దాచిపెట్టిన మాటనే ఆయన కాగితం మీద రాసి, గుండె మీద పిన్ను పెట్టించాడు.

1961లో నగరపాలక మండలికి పోటీ చేశాడు. గే అని బాహాటంగా చెప్పుకుని అమెరికాలో ఎన్నికల్లో నిలబడ్డ మొదటి మనిషి. గెలవలేదు. కానీ దాదాపు 6,000 ఓట్లు పడ్డాయి. వీళ్ళకీ ఓట్లున్నాయని ఊరికి అప్పుడు అర్థమైంది. 1977లో, తనూ గే అని బాహాటంగా చెప్పుకున్న హార్వీ మిల్క్ గెలిచింది ఆ మండలికే. మిల్క్ పేరు అందరికీ తెలుసు, సరియా పేరు ఎంతమందికి తెలుసు? నాకు కోపం వస్తుంది.

ఇదంతా చెప్పింది నాకు మేకప్ నేర్పిన పెద్దాయన. డెబ్బై దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. ఆదివారం నా జడ పట్టుకుని చూసి, ఇంత పొడుగెందుకు అన్నాడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముందు తెర మీంచి జడ విసురుతుంది, తనతో అభినయంలో పోటీపడి గెలిచేవాళ్ళుంటే రమ్మని సవాలు, అని చెప్పాను. అంతే! ఇద్దరు మహారాణులు తమ వెల్వెట్ అంగీ విప్పి తెరలా పట్టుకున్నారు. సమాధుల మధ్య, గడ్డి మీద. మీ తాతయ్య అరుగు మీద కూర్చుని, కూచిపూడిలో ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ గురించి చెప్పేవారు చూడు, అవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. విసిరానురా! జడకున్న సూర్యుడూ చంద్రుడూ నాగరమూ అన్నీ తెర అవతల పడ్డాయి. అవతలనుంచి ఒకటే అరుపులు. నా కాళ్ళు వాటంతట అవే అడుగులు వేశాయి.

శర్మ గారినో, నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావు గారినో నేను నా జట్టులో కలిపేసుకోవడం లేదు. వాళ్ళ జీవితం వాళ్ళది. కానీ మగాడు ఆడవేషం కట్టి నడిస్తే జనం వంకర నవ్వు లేకుండా చప్పట్లు కొట్టిన నేల మనది. 1956లో స్థానం వారికి పద్మశ్రీ ఇచ్చిన దేశం మనది. అదే దేశంలో, 2013 డిసెంబరులో స్వలింగ సంబంధాలను నేరమనే 377 సెక్షన్‌ని సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టిన రాత్రి, వాటర్ ట్యాంకు ఎక్కి నువ్వు నాతో అన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఆ ఏడాది ఆగస్టులోనే సరియా పోయాడు. నార్టన్ దగ్గరే పడుకోబెట్టారు. ఆయన కథ ఆ రాత్రి మనకు తెలిసి ఉంటే నేను...

పోనీలే. 2018లో అది నేరం కాదని తీర్పు వచ్చినరోజు నువ్వు ఫోన్‌లో ఏడ్చావుగా, అది చాలు.

ఇన్నేళ్ళూ నాలాంటివాడు మా వంశంలో నేనొక్కడినే అనుకున్నాను. ఇప్పుడు నాకంటే ముందు నడిచినవాళ్ళ పేర్లు తెలుసు, సమాధి ఎక్కడుందో తెలుసు, పూలు పెట్టి వచ్చాను. మళ్ళీ ఫిబ్రవరికి కూడా వెళ్తాను.

అమ్మకి ఫొటో పంపాలా వద్దా? పంపితే ముందు జడ చూస్తుందా, నన్ను చూస్తుందా? నువ్వే చెప్పు. నీ మాటే వింటాను, ఆ స్కూటర్ విషయంలో తప్ప.

ఒక పని చేసిపెట్టు. బెజవాడలో మంచి సవరం, జడగంటలు దొరికితే కొని మీ అక్కతో పంపించు, ఇక్కడివి తేలిగ్గా ఉన్నాయి, విసిరితే సరిగ్గా పడటం లేదు. డబ్బులు పంపిస్తాను. ఇంకా అసలైనది చెప్పనేలేదు, తెర పట్టుకున్న ఇద్దరిలో ఎడమపక్క మనిషి ఆరోజు నుంచీ రోజూ ఫోన్ చేస్తున్నా... అబ్బ, మీటింగ్ మొదలైపోయింది. ఉంటానురా.

నీ
రూమ్ నంబర్ 12