పారలు అడిగారు

కడప, డిసెంబర్ 2021

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి వార్తాలేఖలో చదువు సంగతులు తక్కువే. పరీక్షల టైమ్ టేబుల్ వెనక పేజీలో ఉంది, చూసుకోండి. రాజంపేట వైపు మనం పంపిన సామాన్ల గురించి చెప్పాలి. ఇచ్చింది మీరు, కాబట్టి ఏం జరిగిందో మీకు తెలియాలి.

నవంబర్ 19, కార్తీక పౌర్ణమి. కుండపోత వానలకు పించా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు కిందికొచ్చి, చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెల్లవారేసరికి తెంచేశాయి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మీదికి ఏరు వచ్చి పడింది. గుడికి దీపాలు పెట్టడానికి పోయినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇవన్నీ టీవీలో మీరూ చూశారు.

మనం వారంలో సామాన్లు పోగు చేశాం. ప్రార్థన హాలు సగం నిండింది. నిండింది దేంతో అంటే, గుడ్డలతో. చీరలు, చొక్కాలు, చిన్నపిల్లల స్వెట్టర్లు, ఒక పెళ్లి షేర్వానీ కూడా. అది ఎవరిదో నేను అడగలేదు. ఏడో తరగతి పిల్లలు రెండు రోజులు మడతలు పెట్టి మూటలు కట్టారు. ఒక తండ్రి తన వ్యాను ఇచ్చి, డీజిల్ డబ్బులు కూడా వద్దన్నారు. ఒంటిమిట్ట, నందలూరు మీదుగా నేనూ, ఇద్దరు టీచర్లూ పోయాం.

ఊళ్లో మాకంటే ముందే గుడ్డల కుప్పలు ఉన్నాయి. రోడ్డు పక్కన, తడిసి, బురద పట్టి. ఒక పెద్దమ్మ మా మూట విప్పి చూసి, మళ్లీ ముడి వేసి, "ఇవి యాడ పెట్టుకోవాల సార్? ఇంట్లో మోకాలెత్తు ఇసక. పారలుంటే ఇయ్యండి" అంది. లోపలికి తీసుకెళ్లి చూపించింది. మంచం కోళ్లు ఇసుకలో కూరుకుపోయి, మంచం నేల మీద పరుచుకున్నట్టు ఉంది. ఒక మూల వంట బోకులు ఉన్నాయట, ఇంకా తవ్వి తీయాలి. ఆమె కొడుకు అన్నం తట్టతోనే ఇసుక ఎత్తి బయట పోస్తున్నాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఒక్క ఫోన్ చేసి ఏం కావాలని ఎవరినైనా అడిగి ఉంటే సరిపోయేది. ఆ తప్పు నాదే. మీరు మంచి మనసుతోనే ఇచ్చారు.

వచ్చే ముందు ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. పారలు, తట్టలు, బకెట్లు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడర్, టార్పాలిన్ పట్టలు, కొత్త దుప్పట్లు, గ్యాస్ స్టవ్, ఆడపిల్లలకు ప్యాడ్లు. రెండో ట్రిప్పులో ఇవే తీసుకెళ్లాం. హార్డ్‌వేర్ షాపున్న తల్లిదండ్రులు ఒకరు పారలను కొన్న ధరకే ఇచ్చారు. కట్టె బిగించి, మేకు కొట్టి మరీ ఇచ్చారు, ఆ ఊళ్లో కట్టె దొరకదని ఆయనకే తట్టింది.

ఆ ఊళ్లో పదో తరగతి అమ్మాయి ఒకతి ప్రభుత్వం ఇచ్చిన విద్యాకానుక బ్యాగును గోడ మీద ఆరేసి ఉంది. పుస్తకాలన్నీ అట్టల్లా అతుక్కుపోయాయి. ఫిజిక్స్ పుస్తకం తెరవబోతే పేజీ చేతిలోకి ఊడొచ్చింది. పరీక్షల టెన్షన్ ఆమెకు అప్పుడే మొదలైంది. మన పదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెబితే, వాళ్ల నోట్సు జిరాక్స్ తీయించి సెట్లు కట్టారు. ఒక సెట్టులో లెక్కల పక్కన క్రికెట్ స్కోరు రాసి ఉంది. తీసేయమని చెప్పలేదు, అలాగే పంపాం.

మూడో ట్రిప్పు ఈ ఆదివారం. పిల్లల్ని తీసుకెళ్లం, దయచేసి అడగొద్దు. ఊళ్లో ఇంకా ఇళ్ల గోడలు పడుతున్నాయి, బురదలో మేకులు, పాములు ఉన్నాయి. డబ్బులు ఇవ్వదలచుకుంటే ఆఫీసులో రసీదు తీసుకోండి. లెక్క నోటీసు బోర్డు మీద అతికిస్తున్నాం. సామాన్లయితే శనివారం సాయంత్రం 4 గంటల్లోపు తెచ్చివ్వండి. బియ్యం, పప్పు ఇప్పటికి చాలు. ఇప్పుడు కావలసింది స్టవ్‌లు, నోటుబుక్కులు, దుప్పట్లు.

గుడ్డల మూటలు ఇంకా ఆరు స్టాఫ్ రూంలో ఉన్నాయి. షేర్వానీ పైమూటలో ఉంది. మీదైతే వచ్చి తీసుకెళ్లండి, ఎవరూ ఏమీ అడగరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు