ప్రివ్యూ ఆగి ఆగి ఆడుతోందన్న వారందరికీ

నమస్కారం. మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్ల నుంచి ఈమధ్య ఎక్కువగా వస్తున్న ఫిర్యాదు ఇదే: "ఫోన్‌లో చక్కగా ఆడే వీడియో టైమ్‌లైన్‌లో వేయగానే స్టక్ అవుతోంది. కంప్యూటర్ మార్చాలా?" చాలామంది మార్చక్కర్లేదు. కొత్త వర్షన్‌లో ఏం మార్చామో, ఏది ఇంకా కుదరలేదో దాచకుండా చెప్తాను.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వీడియో ఆగుతున్న చోట 10 సెకన్ల ముక్కను ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. అది సాఫీగా ఆడితే మీ వీడియోకు ఏ ఢోకా లేదు, టెన్షన్ వద్దు. ఎడిట్ చేసేటప్పుడు ఫ్రేములు సమయానికి అందడం లేదు, అంతే. ఎక్స్‌పోర్ట్‌లోనూ అదే చోట కుదుపు కనిపిస్తే సమస్య వేరు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఫోన్లు ఎక్కువగా హెచ్.264 లేదా హెచ్‌ఈవీసీ అనే, వీడియోను కుదించి దాచే పద్ధతుల్లో రికార్డు చేస్తాయి. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి ఫ్రేమ్, అంటే కీఫ్రేమ్ ఉంటుంది. మిగతావాటిలో మారినవి మాత్రమే ఉంటాయి. మొదటి నుంచి చివరిదాకా వరసగా చూస్తే ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో అలా చూడం కదా! పాప మొదటి అడుగు వేసిన క్షణం సరిగ్గా ఎక్కడుందో పట్టుకోవడానికి ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటాం. సెకనుకు 30 ఫ్రేములున్న క్లిప్‌లో సెకనుకొక కీఫ్రేమ్ ఉందనుకోండి. 29వ ఫ్రేమ్ దగ్గర ఆపితే, ఆ ఒక్కటి చూపించడానికి దాని ముందున్నవాటిని చాలావరకు మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి. పైగా 4కే అయితే పిక్సెళ్లు ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. ర్యామ్ పెంచినా ఫలితం లేదని కొందరు రాశారు. భారం ఫ్రేములను విప్పే దగ్గర ఉన్నప్పుడు ర్యామ్ పెద్దగా అక్కరకు రాదు.

అందుకే కొత్త వర్షన్‌లో 4కే, హెచ్‌ఈవీసీ క్లిప్పులకు ప్రాక్సీలు వాటంతటవే తయారవుతాయి. ప్రాక్సీ అంటే ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండే, రిజల్యూషన్ తగ్గించిన నకలు. మీరు దాని మీద కట్ చేస్తారు, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైల్ నుంచే జరుగుతుంది. దీనికి ఖర్చు లేకపోలేదు. తయారీకి సమయం పడుతుంది, డిస్క్‌లో జాగా కావాలి. రిజల్యూషన్ తగ్గినా ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండటం వల్ల ఒక్కోసారి ప్రాక్సీ సైజు అసలు ఫైల్‌కు దగ్గరగా వస్తుంది. జాగా సరిపోకపోతే ప్రాక్సీలనే తీసేయండి, వాటిని ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు. దయచేసి ఫోన్ నుంచి తెచ్చిన అసలు ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి పోతే మిగిలేది ఆ తక్కువ క్వాలిటీ నకలే. ఇంటి వీడియోను మళ్లీ తీయలేం.

ప్రాక్సీలు వద్దనుకుంటే ప్రివ్యూ క్వాలిటీని సగానికో పావుకో తగ్గించండి, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ తగ్గదు. స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించడం), బొమ్మలోని నాయిస్ (చుక్కలు) తగ్గించే ఎఫెక్టులను కటింగ్ అంతా అయ్యాకే ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి పని చేయండి.

ఇక ఎక్స్‌పోర్ట్‌లోనూ కుదుపు వచ్చేవాళ్ల సంగతి. సెకనుకు 30 ఫ్రేములున్న క్లిప్‌ను 25 ఫ్రేముల ప్రాజెక్టులో వేస్తే సెకనుకు 5 ఫ్రేములు ఎగిరిపోతాయి. మనిషి నడుస్తున్నా, కెమెరా పక్కకు తిరుగుతున్నా కుదుపు తెలిసిపోతుంది. ఇకనుంచి మొదటి క్లిప్ వేయగానే ప్రాజెక్టు ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని ఫ్రేములో) దానికి కలపమంటారా అని సాఫ్ట్‌వేరే అడుగుతుంది. సరే అనండి.

మాకు ఇంకా లొంగనిది ఫ్రేమ్ రేటు నిలకడగా లేని క్లిప్పులు. వెలుతురు తగ్గినప్పుడు కొన్ని ఫోన్లు రేటును తగ్గిస్తాయి, దాంతో ఫ్రేముల మధ్య ఎడం ఒకేలా ఉండదు. అప్పుడు బొమ్మ కుదుపుతుంది, కొంతసేపటికి పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఈ వర్షన్‌లో దీనికి పరిష్కారం లేదు. ప్రస్తుతానికి అలాంటి క్లిప్పులను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' ఎంచుకుని మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. అసలు ఫైల్ మాత్రం అలాగే ఉంచుకోండి.

ఇవన్నీ చేసినా ఆగుతుంటే మాకు రాయండి. మీ ఇంటి వీడియో పంపనక్కర్లేదు. 'క్లిప్ వివరాలు'లో కనిపించే కోడెక్ (హెచ్.264, హెచ్‌ఈవీసీ లాంటి పద్ధతి పేరు), రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, వాటితోపాటు మీ గ్రాఫిక్స్ కార్డు పేరు పంపితే చాలు.