సంక్రాంతి సెలవుల్లో రాతపని వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఉద్దానం పల్లె. నేను జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. మా ఆయన హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తారు. పండగ అయిపోయి బడులు తెరిచిన ఈ వారంలో మా ఇంటి సంగతి రాస్తున్నాను. టీచర్లు చదువుతారని ఆశ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా మండలం దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి మా అరెకరం తోటలో కొబ్బరి చెట్లన్నీ పడిపోయి ఉన్నాయి. జీడిమామిడి వేళ్లతో సహా లేచిపోయింది. కొబ్బరి మొక్క పెడితే కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అంతవరకు ఇల్లు గడవాలి కదా. ఆయన రైలెక్కారు. అప్పుడు మా పాప ఒకటో తరగతి, బాబు నా కడుపులో ఉన్నాడు. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి, బాబు రెండో తరగతి. వాళ్ల నాన్న ఇంటికొచ్చేది సంక్రాంతికే.

మొన్న కూడా భోగి ముందురోజు రాత్రి జనరల్ బోగీలో వచ్చి పలాసలో దిగారు. ముక్కనుమ మర్నాడు వెళ్లిపోయారు. నిండుగా మాతో ఉన్నవి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పాప వంచిన తల ఎత్తలేదు. ప్రతి సబ్జెక్టులో అయిపోయిన పాఠాల ప్రశ్నలు, జవాబులు మూడేసిసార్లు రాయమన్నారు. సోషల్‌కు మ్యాపులు వేరే. సెలవులిచ్చిన రోజు నుంచే రాసుకోవచ్చు కదా అని అడగొచ్చు. ఆ రోజుల్లో నేను పనికి వెళ్తే ఇల్లు దులిపి, దుప్పట్లు ఉతికి, అరిసెల పిండికి బియ్యం దంపించి తెచ్చింది ఆ పిల్లే. మా అత్తకు మోకాళ్లు పట్టేశాయి. ఇంకెవరున్నారు మాకు?

కనుమ రోజు మధ్యాహ్నం ఆయన పాప పక్కన కూర్చున్నారు. ఆయన చదివింది ఏడో తరగతి. స్కేలు తీసుకుని నాలుగు నోటుబుక్కులకు చివరి పేజీ దాకా మార్జిన్లు కొట్టి ఇచ్చారు. "అమ్మలూ, నాకు తెలిసింది ఇదేనమ్మా" అన్నారు. నేను వంటింట్లో ఉండి విన్నాను. తుఫాను తర్వాత పెట్టిన మొక్కల్లో ఒకటి ఈ ఏడే మొదటి గెల వేసింది. దాన్ని పాపకు తానే చూపించాలని ఆయన కోరిక. రోజూ తోటకు రమ్మని పిలిచారు. సైన్సు అయ్యాక వస్తానంది. సైన్సు అవలేదు. బాబును భుజం మీద ఎక్కించుకుని వెళ్లి చూపించి వచ్చారు.

బడి తెరిచిన రోజే రెండు సబ్జెక్టుల్లో స్లిప్ టెస్టు పెట్టారు. రాతపని పూర్తికాని పిల్లల్ని తరగతి బయట నిలబెట్టారు. అందులో మా పాప ఉంది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాన్నకు ఫోన్‌లో చెప్పొద్దమ్మా, బాధపడతారు అంది.

బాబు సంగతి ఇంకోలా ఉంది. వాళ్ల నాన్న బయల్దేరే ముందు వాడి బడి బూట్లకు తాళ్లు కట్టి చూపించారు. వాడు ఆ ముడి ఇప్పనివ్వడం లేదు. మడమ నొక్కుకుని కాలు దూర్చుకుంటున్నాడు, అలాగే ఊడదీస్తున్నాడు. నేనేమీ అనడం లేదు. బూటు వెనక భాగం ఇప్పటికే నలిగిపోయింది.

మా అత్త గొబ్బెమ్మల్ని పిడకలు చేసి గోడకు కొట్టింది. రథసప్తమికి వాటి మీదే పాలు పొంగించి పరమాన్నం వండుతాం. నాన్న వస్తారా అని బాబు అడుగుతున్నాడు. అరిసెలు డబ్బాలో ఇంకో పది ఉన్నాయి. నాన్న వాటా అని మూడు పక్కన పెట్టాడు.

టీచర్ల మీద నాకు కోపం లేదు. పాపకు లెక్కలు వచ్చాయంటే వాళ్ల చలవే. పదో తరగతి పిల్లలకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు, వాళ్లకు టెన్షన్ తప్పదు. మిగతా తరగతుల వాళ్లకైనా సంక్రాంతికి రాతపని ఇవ్వకండి. ఇవ్వక తప్పదంటే రెండు పేజీలివ్వండి. లేదా మీ నాన్న ఏ పని చేస్తాడో, ఎలా చేస్తాడో అడిగి తెలుసుకుని రాయమనండి. గోడకు టైలు వంకర లేకుండా ఎలా అంటిస్తారో మా ఆయన చెబితే పాప సంతోషంగా రాసేది. ఆయనకూ పిల్ల చదువులో తనకో చోటు ఉండేది. బడి తెరిచాక మొదటి రెండు మూడు రోజులు టెస్టులు పెట్టకండి. మా ఊళ్లో చాలా ఇళ్లలో మగవాళ్లు ఆ వారంలోనే వచ్చి వెళ్తారు. వాళ్లు రైలెక్కిన మర్నాడు పిల్లలకు ఏం గుర్తుంటుంది?

బడి కమిటీ మీటింగు పెడితే నేను వెళ్లి ఈ మాటే చెబుతాను. పక్కింటి ఆవిడ కూడా వస్తానంది. ఆవిడ భర్త చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తాడు.

పాపకు సైన్సులో ఇంకా పదకొండు ప్రశ్నలు మిగిలాయి. రేపటికి రాసుకెళ్లాలి. ఆదివారం మాత్రం తనను తోటకు తీసుకెళ్తాను. చెట్టు కింద నిలబెట్టి, వాళ్ల నాన్నకు వీడియో కాల్ చేస్తాను.

ఇట్లు,
ఒక తల్లి,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా