'సెటైర్'కు మేకకాళ్లు లేవు

సంపాదకులకు నమస్కారాలతో,

ఆంగ్లపదాల పుట్టుపూర్వోత్తరాలను తెలిపే మీ ఆదివారం శీర్షికలో ఈసారి 'సెటైర్' అన్న మాటను తీసుకున్నారు. గ్రీకు పురాణాల్లో మద్యదేవుడైన డయోనిసస్ వెంట మేకకాళ్లతో, తోకతో, తాగి తందనాలాడుతూ తిరిగే అడవి జీవులను 'సాటర్'లంటారనీ, వాటి వెకిలి చేష్టల నుంచే ఎగతాళి రచనకు ఆ పేరు వచ్చిందనీ, కాబట్టి ఆ మాట వర్ణక్రమంలో 'టి' తరువాత ఉండవలసింది 'వై' అనీ, ఇప్పుడు రాస్తున్న 'ఐ' తరువాతి కాలపు అపభ్రంశమనీ అందులో చెప్పారు. చెప్పిన తీరు ఆకర్షణీయంగానే ఉంది గాని విషయం తలకిందులైంది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇలాంటి శీర్షికలను కత్తిరించి దాచుకుంటారు కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

'సెటైర్'కు మూలం గ్రీకు కాదు, లాటిన్. లాటిన్‌లో 'సతుర్' అంటే నిండుగా ఉన్నది, కడుపు నిండినది అని అర్థం. ఆంగ్లంలోని 'సాటిస్‌ఫై', 'సాచురేట్' ఆ కుటుంబంలోనివే. దాని స్త్రీలింగ రూపం 'సతుర'. పూర్వులు దేవతలకు తొలిపంటను సమర్పించేటప్పుడు రకరకాల ఫలాలతో నింపిన పళ్లేన్ని 'లాంక్స్ సతుర' అనేవారని డయొమిడెస్ అనే లాటిన్ వ్యాకర్త రాశాడు. ఎండుద్రాక్ష, యవల పిండి, పైన్ గింజలు కలిపి, తేనె వేసిన ద్రాక్షసారాతో తడిపి చేసే పూర్ణం వంటి పదార్థానికి కూడా 'సతుర' అనే పేరుండేదని వార్రో అనే రోమన్ పండితుడి మాటగా ఆయనే ఉదహరించాడు. అందులో దానిమ్మ గింజలు కూడా వేస్తారని కొందరన్నారట. ఒకదానితో ఒకటికి పొంతన లేని అంశాలను ఒకే చట్టంలో కుక్కితే దానికీ ఇదే పేరు. అలా కుక్కడాన్ని రోమన్లు క్రీ.పూ. 98లో మరో చట్టం చేసి నిషేధించారు. పళ్లెమైనా, పూర్ణమైనా, చట్టమైనా మూడింటిలోనూ ఉన్నది కలగలుపే.

ఎనియస్ అనే కవి వేర్వేరు ఛందస్సుల్లో వేర్వేరు విషయాలపై రాసిన పద్యాలకు ఈ పేరు పెట్టాడు. వాటికి వెక్కిరింత ముఖ్యం కాదు. క్రీ.పూ. రెండో శతాబ్దిలో లుసీలియస్ అనే రోమన్ కవి పేర్లు చెప్పి మరీ పెద్దమనుషులను దుయ్యబట్టిన తరువాతే ఆ ప్రక్రియకు పదును వచ్చింది, నేడు మనమెరిగిన అర్థమూ వచ్చింది. అయినా పాత వాసన పూర్తిగా పోలేదు. మనుషులు చేసే సమస్తమూ, వాళ్ల కోరికలూ భయాలూ కోపాలూ సుఖాలూ అన్నీ కలిపి తన పుస్తకమని చెబుతూ జువెనాల్ అనే మరో రోమన్ కవి అక్కడ వాడిన మాటకు అర్థం పశువులకు వేసే కలగలుపు మేత. తక్కిన ప్రక్రియల్లో గ్రీకులతో పోటీపడవలసి వచ్చిన రోమన్లు దీన్ని మాత్రం పూర్తిగా తమదేనని చెప్పుకున్నారు. ఆ మాట అన్నది క్వింటిలియన్ అనే రోమన్ అలంకారశాస్త్ర బోధకుడు.

ఇక వర్ణక్రమం సంగతి. 'మాక్సుముస్' అన్న మాట 'మాక్సిముస్' అయినట్లే 'సతుర' క్రమంగా 'సతిర' అయింది. ఇది లాటిన్‌లో సహజంగా జరిగిన మార్పు. ఈ మాటకు గ్రీకు 'సాటర్'తో చుట్టరికం ఉందని భావించిన పండితులు ఆ తరువాత 'ఐ' తీసేసి గ్రీకు వాసన ఉన్న 'వై' పెట్టారు. అంటే దొంగచాటుగా చొరబడిన అక్షరం మీ శీర్షికలో దొరబాబుగా నిలబెట్టిన 'వై'యే. అయితే ఈ పొరపాటుకు శీర్షికకర్తను ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు, ఎందుకంటే డయొమిడెస్ ఇచ్చిన నాలుగు వివరణల్లో సాటర్ల కథ కూడా ఒకటి, పదహారో శతాబ్దపు ఆంగ్ల కవులు దాన్నే గట్టిగా నమ్మారు. ఎగతాళి పద్యం మేకకాళ్ల జీవి మాట్లాడినట్లే ఉండాలనుకుని వాళ్లు పని కట్టుకుని మొరటుగా, కుంటి నడకతో, అర్థం కాకుండా రాశారు. ఒక తప్పుడు వ్యుత్పత్తి వర్ణక్రమాన్ని మార్చడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. అది కవుల శైలినే మార్చేయడం మాత్రం అరుదు.

ఆ మొరటుతనం ముదిరి, 1599 జూన్ 1న కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విట్‌గిఫ్ట్, లండన్ బిషప్ బాన్‌క్రాఫ్ట్ కలిసి ఇకపై అలాంటి రచనలేవీ అచ్చు వేయరాదని ఉత్తర్వు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే జాన్ మార్స్‌టన్ అనే ఎగతాళి కవి పుస్తకాలతో సహా కొన్నింటిని తగలబెట్టారు. ఆ తరువాత ఆరేళ్లకు, 1605లో, ఐజాక్ కాసోబన్ అనే మహాపండితుడు పారిస్‌లో ఒక గ్రంథం ప్రచురించి ఈ చిక్కుముడి విప్పాడు. మూడు విషాద నాటకాల తరువాత సాటర్ల బృందగానంతో ఆడే గ్రీకు నాటకం వేరు, సమకాలీన సమాజాన్ని ఎండగట్టే రోమన్ పద్యం వేరు, రెంటికీ పేరులో గాని పుట్టుకలో గాని సంబంధం లేదని ఆయన నిరూపించాడు.

పండితుడు నిరూపించినంత మాత్రాన అచ్చుయంత్రం వింటుందా? జువెనాల్, పెర్సియస్‌ల పద్యాల ఆంగ్లానువాదానికి 1693లో ఆంగ్ల కవి డ్రైడెన్ సుదీర్ఘమైన పీఠిక రాస్తూ, ఈ మాటను 'ఐ'తోనే రాయాలనీ, అప్పుడే అది 'సతుర' నుంచి వచ్చిందని తెలుస్తుందనీ స్పష్టంగా చెప్పాడు. అలాగైతే ఈ పుస్తకమంతటా అది తప్పుగానే పడిందని ఆ వెంటనే ఒప్పుకుని, మొదట గమనించలేదనీ, తరువాత దిద్దడం అనవసరమనిపించిందనీ రాసి ఊరుకున్నాడు. ప్రూఫులు దిద్దే మీ కార్యాలయ సిబ్బందికి ఈ సంగతి కాస్త ఊరట కలిగించవచ్చు.

1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ 'ఐ'నే ఖాయం చేశాడు. ఆయన ఇచ్చిన అర్థం మీ పత్రికకు మరింత అవసరం. దుర్మార్గాన్నో మూర్ఖత్వాన్నో ఖండించే పద్యం 'సెటైర్' అనీ, దాని విమర్శ అందరికీ వర్తించేలా ఉంటుందనీ, ఒక వ్యక్తిని గురిచూసి కొట్టేదాన్ని 'లాంపూన్' అనాలనీ, జనం మాత్రం ఈ రెంటినీ తరచు కలగాపులగం చేస్తారనీ ఆయన వివరించాడు. ఆ కలగాపులగం ఇప్పుడు మన పత్రికల్లో రోజూ జరుగుతోంది. ఒక నాయకుడు మరో నాయకుడి నడకనో ఉచ్చారణనో వెక్కిరిస్తే 'సెటైర్లు పేల్చారు' అని శీర్షిక పెడుతున్నారు. ఆ పనికి ఎద్దేవా, ఎత్తిపొడుపు, వేళాకోళం, దెప్పిపొడుపు అని తూకం తేడాలతో సహా మాటలున్న భాష మనది. సాహిత్య ప్రక్రియకైతే 'అధిక్షేపం' అన్న మాటను మన విమర్శకులు ఎన్నడో స్థిరపరచారు. అధిక్షేప శతకాలు చదివిన తరాలు ఇంకా ఉన్నాయి. 'సెటైర్' అన్న మాటను వాడవద్దని నేను అనను, అది తెలుగు నోట స్థిరపడింది. దానికి తగిన బరువున్న చోట వాడితే చాలు.

శీర్షికకర్త వచ్చే వారం సవరణ వేసేటప్పుడు విద్యార్థుల కోసం మరొక్క వాక్యం కూడా చేర్చగలరని మనవి. 'వై'తో రాసే విశేషణం ఆంగ్లంలో ఇప్పటికీ బతికే ఉంది గాని, అది సాటర్లకూ పైన చెప్పిన గ్రీకు నాటకాలకూ మాత్రమే చెల్లుతుంది. ఎగతాళి రచనకు చెందిన విశేషణాన్ని 'ఐ'తోనే రాయాలి. పలికేటప్పుడు కూడా మనమందరం అంటున్నట్లు 'సెటైరికల్' అని కాక 'సటిరికల్' అని 'టి'ని హ్రస్వంగా పలకాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
తెనాలి